ప్రతి ఏడూ తగ్గిన ఒక్క ఓటు

విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట, హెబ్రోను అనే ఆయన మోటారు వైండింగు షాపు ఉంది. షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల కప్పు, ముందొక బల్ల, లోపల కడుపు విప్పిన మోటార్లు, ఊరంతా వచ్చే వార్నిష్ వాసన. గుంటల్లో నీళ్లను చిలికే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యలకు ఊపిరాడదు, ఆ తర్వాత యజమానికీ ఆడదు. అందుకని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లందరూ పరుగు మీదే వస్తారు. ఎంత పరుగు మీద వచ్చినా హెబ్రోను మాత్రం నిదానంగా మోటారు విప్పి, అది ఎందుకు కాలిందో కనిపెట్టి, ఆ సంగతి యజమాని చెవిన వేసిగాని కొత్త రాగితీగ చుట్టడు. "ఎందుకు కాలితే నాకేందన్నా, తిరిగితే చాలు" అని ఎవరైనా అన్నారో, ఆ రోజు వాళ్లకు ఉపన్యాసం ఇంకాస్త పొడుగవుతుంది.

పదో తరగతితో చదువు ఆపి, నెల్లూరులో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, ఈ తట్టు గుంటలు తవ్వడం మొదలైనప్పుడు తిరిగొచ్చి షాపు పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఒకే బాప్టిస్టు చర్చి. ఆ చర్చిలోనే ప్రేమలీలను చేసుకున్నాడు. ప్రేమలీల వాళ్ల అన్న బెన్హర్ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ బెన్హర్ సంఘ కమిటీకి అధ్యక్షుడు, ఈ హెబ్రోను కార్యదర్శి. పదేళ్లు దాటింది, ఇద్దరూ అవే కుర్చీల్లో ఉన్నారు.

అవే కుర్చీల్లో అన్నాను గాని, కార్యదర్శికి కూర్చునే తీరిక ఎక్కడిది? మైకు పాడైతే హెబ్రోను. క్రిస్మస్‌కు సీరియల్ లైట్లు హెబ్రోను. తుపాను వచ్చి చర్చిలోకి నీళ్లొస్తే షాపులో ఉన్న మోటార్లన్నీ మోసుకెళ్లి తోడింది హెబ్రోను. బెన్హర్ ముందు వరసలో తెల్లచొక్కాతో కూర్చునేవాడు, లేచి ప్రార్థన చేసేవాడు. న్యాయంగా చెప్పాలంటే కుర్చీకి తగ్గ మనిషే. ఆయన గొంతెత్తితే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపి వింటారు. తగాదా పడ్డ ఇద్దరిని చెరో పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించి పంపగలడు. హెబ్రోనుకు ఇవన్నీ తెలుసు. తెలిసినా, మోటార్లతో నీళ్లు తోడిన ఏడాది చర్చి గోడకు పెట్టిన రాతిఫలకం మీద అధ్యక్షుడి పేరే ఉండి తన పేరు లేకపోవడం ఆయనకు మింగుడు పడలేదు. ఎవరితోనూ అనలేదు.

ఆ చర్చిలో ఎన్నిక పద్ధతి చిత్రంగా ఉండేది. కోతపండుగ అయిన మరుసటి ఆదివారం ప్రతి సభ్యుడూ ఒక చీటీ మీద రెండు పేర్లు రాయాలి. ఫలానా ఆయన అధ్యక్షుడు, ఫలానా ఆయన కార్యదర్శి అని రాయకూడదు, వట్టి పేర్లే. ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు, ఆ తర్వాతివాడు కార్యదర్శి. అప్పటికి పదవుల్లో ఉన్న ఇద్దరూ ఓటు వేయరు, అది మర్యాద. ఈ పద్ధతి చర్చి కట్టించిన అమెరికా దొరలు పెట్టారని కొందరంటారు, కాదు మన పెద్దలే పెట్టుకున్నారని కొందరంటారు. ఎవరు పెడితేనేం, అందరూ బెన్హర్, హెబ్రోను అని రెండు పేర్లూ రాసేసి అన్నాలకు పోయేవాళ్లు. బెన్హర్‌కు అందరి ఓట్లూ పడేవి. హెబ్రోనుకు ఒక్కటి తగ్గేది. ప్రతి ఏడూ, సరిగ్గా ఒక్కటి.

ఇంకెవరైనా అయితే పట్టించుకోరు. హెబ్రోను సంగతి చెప్పానుగా, కారణం తెలియకపోతే ఆయనకు తిండి సహించదు. ఇంత సంఘంలో తన పేరు రాయడానికి చెయ్యి రాని ఆ ఒక్కరు ఎవరు? తనేం చేశాడు వాళ్లకు? ఏళ్ల తరబడి ఆలోచించి, రిటైరైన హెడ్మాస్టరు జీవానందం మీద అనుమానం నిలిపాడు. మైకు సౌండు మరీ పెంచుతున్నావని మాస్టారు ఒకసారి నలుగురిలో కసిరాడు. అప్పటి నుంచి ఆయనకు హెబ్రోను చెప్పే వందనాలు సగం నోటితోనే.

ఈ ఏడాది లెక్క పెట్టినప్పుడు ఇద్దరికీ సమానంగా వచ్చాయి. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు చీటీలు మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ సమానమే.

హెబ్రోనుకు ముందు పట్టలేనంత సంతోషం కలిగింది. ఆ పగవాడెవడో మనసు మార్చుకున్నాడు! ఆ సంతోషంలో తలెత్తి చూస్తే చర్చి మొత్తం తన వైపే చూస్తోంది. ఎందుకు చూస్తున్నారో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తను లేచి "బావే అధ్యక్షుడుగా ఉండనీండి" అని ఒక్క మాట అంటే అయిపోతుంది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. హెబ్రోను నోరు మెదపలేదు. ఆ కుర్చీ తనకు కావాలని ఉందన్న సంగతి అప్పుడే, ఆ మౌనంలోనే, ఆయనకు బయటపడింది. బెన్హర్ నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి పాస్టరు వచ్చే ఆదివారం తేల్చుకుందామని ప్రార్థన చేసి పంపించేశాడు.

ఆ వారం ఎట్లా గడిచిందో అడగొద్దు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఉదయం వాక్యాలు తప్ప ఒక్క మాట లేదు. రోజూ పదకొండింటికి షాపు దగ్గర స్కూటరు ఆపి బావతో టీ తాగే బెన్హర్, ఆ వారం షాపు ముందు నుంచే ఆగకుండా వెళ్లిపోయాడు. ప్రేమలీల ఇంట్లో ఉప్పు అయిపోయిందని తప్ప వేరే మాట ఎత్తలేదు. పదేళ్లుగా కలిసి తిరిగిన రెండు కుటుంబాలు ఒక్క చీటీల లెక్కతో ఎడమొగం పెడమొగం అయ్యేట్టున్నాయి.

బుధవారం నాడు నరేంద్రబాబు కాలిపోయిన మోటారు తెచ్చాడు. ఈయన జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరరు, ఇంటి తరఫున గుంటలున్న రైతు. మోటారు దించీ దించకముందే మొదలుపెట్టాడు.

"ఏందన్నా, మీ చర్చిలో ఇద్దరికీ సమానమైందంటనే?"

"మీకెవరు చెప్పినారు సార్?"

"గుంటల మీద ఏది దాగుద్ది? ముందు పద్ధతేందో చెప్పు."

హెబ్రోను చెప్పాడు. వింటున్నకొద్దీ లెక్చరరు కళ్లు పెద్దవయ్యాయి. రెండు పేర్లు, పదవి రాయకూడదు అనేసరికి బల్ల మీద చరిచాడు.

"ఇది అమెరికాలో జరిగిందన్నా! అచ్చం ఇట్టనే! పద్దెనిమిది వందల సంవత్సరం ఎన్నికల్లో. వాళ్ల రాజ్యాంగానికి అప్పటికి ఒక పుష్కరం వయసు, అంతే. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులు ఒక్కొక్కరూ రెండు పేర్లు రాయాల. ఎక్కువొచ్చినోడు అధ్యక్షుడు, తర్వాతోడు ఉపాధ్యక్షుడు."

"మా పద్ధతే!"

"మీ పద్ధతే. జెఫర్సన్ అధ్యక్షుడు కావాల, బర్ అనే ఆయన ఉపాధ్యక్షుడు కావాల, అదీ ఆ పార్టీ లెక్క. వాళ్లలో ఎవరో ఒకరు బర్ పేరు వదిలేస్తే సరిపోయేది. ఇంకెవరో వదుల్తార్లే అని అందరూ రెండు పేర్లూ రాసేసినారు. ఆయనకి డెబ్భై మూడు, ఈయనకి డెబ్భై మూడు!"

హెబ్రోను చేతిలో స్పానరు పక్కన పెట్టేశాడు. కాలిన మోటారు ఎదురుగా ఉండగా ఆయన పని ఆపడం నరేంద్రబాబు ఎన్నడూ చూడలేదు.

"తర్వాతేమైంది?"

"వాళ్ల దిగువ సభకి పోయింది. ముప్పై ఆరు సార్లు ఓటేసినారన్నా. బయటంతా మంచు. జరంతో పడున్న సభ్యుణ్ణి ఒకాయన్ని మంచుగాలిలో మోసుకొచ్చి, పక్క గదిలో పండబెట్టి ఓటేయించినారు. అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు, ఆయన లేకపోతే వాళ్ల రాష్ట్రం ఓటు అవతలికి పోద్ది మరి."

"ఆ రెండో ఆయన ఏమన్నాడు? బర్?"

"అదే చిత్రం. ముందేమో నాకు జెఫర్సన్‌తో పోటీ ఏందని జాబు రాసినాడు. సమానమని తేలినాక మాత్రం తప్పుకుంటానని అనలా. నాకే కావాలనీ అనలా. యాడనో దూరాన గమ్మున కూర్చున్నాడు."

"ఎందుకని?"

"ఎవరికి తెలుసన్నా? రెండొందల ఏళ్ల నుంచి పుస్తకాలు రాస్తానే ఉండారు."

హెబ్రోనుకు తెలుసు. అడక్కుండానే చేతికి వస్తుందేమోనని కూర్చున్నాడు ఆ మనిషి. అడిగితే పరువు పోతుంది, వద్దంటే కుర్చీ పోతుంది. ఎప్పుడో చచ్చిపోయిన ఆ అమెరికా దొర మీద హెబ్రోనుకు జాలి, దాని వెంటనే కొంచెం అసహ్యమూ కలిగాయి. అసహ్యం ఎవరి మీదో తేల్చుకోవడానికి ఆయన తొందరపడలేదు.

"చివరికి జెఫర్సనే గెలిచినాడు" అన్నాడు నరేంద్రబాబు. "ఇంకో సంగతి, మీ బాప్టిస్టులకి ఆయనంటే బో ఇష్టం. ప్రభుత్వం ఎవరి మతంలోనూ వేలు పెట్టకూడదనేది వాళ్ల మాట, ఆయన మాట కూడా అదే. ఆ సంబరంలో ఒక ఊరి బాప్టిస్టులు బండి మీద లాక్కెళ్లేంత చీజు ముద్ద చేసి ఆయనకి పంపినారు."

"మా వాళ్లా?" హెబ్రోను మొఖంలో ఆ వారంలో మొదటిసారి నవ్వు కనిపించింది. కాసేపు ఆ చీజు ఎంత ఉండి ఉంటుందో, దారిలో కుళ్లిపోలేదా అని అడిగాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు: "సార్, మా దాంట్లో ప్రతి ఏడూ నాకు ఒక ఓటు తగ్గేది. ఈ ఏడే తగ్గలా."

నరేంద్రబాబు ఆయన్ని వింతగా చూశాడు. "అట్టయితే అమెరికా వాళ్లు చెయ్యలేకపోయిన పని మీ చర్చిలో ఎవరో గుట్టుగా చేస్తా వచ్చినారన్నా. నీ మీద పగతో కాదు. కుర్చీ తగాదా రాకుండా."

పగ కాదు! ఈ ఆలోచన హెబ్రోనుకు ఒక్కనాడూ రాలేదు. మోటారు సంగతి రేపు చూస్తానని లెక్చరరుకు చెప్పి, ఆ సాయంత్రమే జీవానందం మాస్టారి ఇంటికి పోయాడు. మాస్టారు వాకిట్లో కనకాంబరాలకు నీళ్లు పోస్తున్నాడు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోబాకండి. ఇన్నేళ్లూ నా పేరు రాయకుండా వదిలేసింది మీరేనా?"

మాస్టారు చెంబు దించి ఎగాదిగా చూశాడు. "నేనా? నేను మొదట నీ పేరు రాసి, తర్వాతే బెన్హర్ పేరు రాస్తానయ్యా! నువ్వు పెట్టే మైకుకి నాకు చెవుడొచ్చింది, ఆ కోపం ఉండాది. కోపానికీ ఓటుకీ ఏం సంబంధం?" చెంబు మళ్లీ ఎత్తుతూ అన్నాడు, "పాత పాస్టరుగారు చనిపోయే ముందు ఒక మాటన్నాడు. ఒకామెకు చెప్పి ఒక పేరు వదిలిస్తుండా, సంఘం గొడవ లేకుండా పోతుండాది అని. ఎవరామె అంటే చెప్పలా."

హెబ్రోను సిగ్గుతో మాస్టారికి నిండు నోటితో వందనాలు చెప్పి బయటపడ్డాడు. ఒకామె. సంఘంలో ఆడవాళ్లందరినీ మనసులో ఒక్కొక్కరినే తలుచుకుంటూ, ఈమె కాదు, ఆమె కాదు అనుకుంటూ ఇంటి దాకా వచ్చి, పెరట్లో రొయ్యలు వలుస్తున్న పెళ్లాన్ని చూసి ఆగిపోయాడు. మూడు రోజులుగా ఆమె ఎందుకు తన మొఖం చూడలేదో అప్పుడు తెలిసింది.

"ప్రేమా, నువ్వేనా?"

ఏమిటని ఆమె అడగలేదు. రొయ్య తల తుంచి పక్కన వేసింది.

"నేనే. మొదటి ఏడే పాస్టరయ్య పిలిచి చెప్పినాడు. అందరూ రెండు పేర్లూ రాస్తే నీ మొగుడూ మీ అన్నా సమానమవుతారమ్మా, ఇంట్లో చిచ్చు లేస్తుంది, నువ్వొక్కదానివి నీ మొగుడి పేరు వదిలెయ్, పెళ్లాం మీద ఎవరికీ అనుమానం రాదు అన్నాడు. ఎవరితోనూ అననని మాట తీసుకున్నాడు."

"నాతోనన్నా చెప్పుండకూడదా? ఆ జీవానందం మాస్టారిని ఇన్నేళ్లు..."

"తెలుసు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పోనుపోను ఏడుపొచ్చేది. లెక్కయినాక ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, 'ఎవరే ఆ ఒక్కరు' అని నన్నే అడుగుతావు. ప్రతి ఏడూ నన్నే." ఆమె కళ్లు తుడుచుకుందామంటే చేతులకు రొయ్యల పొట్టు. భుజంతో తుడుచుకుంది. "ఒక్క ఏడన్నా నీకు నిండుగా పడాలని ఈసారి రాసినా. రాసేటప్పుడు అదొక్కటే తోచింది. అన్న కుర్చీకి ఎసరొస్తుందని అనుకోలా."

హెబ్రోనుకు కోపం వచ్చింది. బాగానే వచ్చింది. ఏ మనిషి కోసం ఊరంతా వెతికాడో ఆ మనిషి వండి పెట్టిన అన్నమే ఇన్నేళ్లూ తిన్నాడు. తిరిగి షాపుకు పోయి, నరేంద్రబాబు మోటారు విప్పి, పాత తీగంతా పీకి పారేశాడు. తీగ పీకేకొద్దీ కోపం తగ్గి, దాని అడుగున వేరే ప్రశ్న ఒకటి తేలింది. అందరూ రెండు పేర్లూ రాసే చోట ఎవరికి ఎవరు కావాలో ఎవరికి తెలుసు? అధ్యక్షుడిగా ఎవరు కావాలని విడిగా అడిగితే తన పేరు ఎంతమంది రాస్తారు? ఇది తెలుసుకోవాలన్న ఆత్రం కుర్చీ మీద ఆశకంటే ఎక్కువైపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు లేచి, యేసు శిష్యులైన అపొస్తలులు కూడా చీట్లు వేసే ఒకరిని ఎన్నుకున్నారు కదా, మనమూ చీటీ తీద్దాం, దేవుడే నిర్ణయిస్తాడు అన్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు హెబ్రోను నిలబడ్డాడు.

"చీట్లు వద్దు పాస్టరుగారూ. మనం చేసుకున్న చిక్కు దేవుడి మీదికి తొయ్యొద్దు. పోయిన వారం నేను మాట్లాడాల్సింది, మాట్లాడలా. ఎందుకంటే నాకు అధ్యక్షుడు కావాలని ఉండింది. ఇప్పటికీ ఉండాది. అడక్కుండా వస్తుందేమోనని కూర్చున్నా."

ఆ చర్చి పుట్టిన దగ్గర్నుంచి పదవి కావాలని నోటితో అన్నవాడు లేడు. ఏ పదవి ఇచ్చినా ముందు "నేను అర్హుణ్ణి కాను" అనాలి, తర్వాత తీసుకోవాలి. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ప్రేమలీల తల వంచుకుంది. బెన్హర్ మెల్లగా ఇటు తిరిగాడు.

"ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నాతో అనలేదే బావా?"

"అడిగే అలవాటు లేకపాయె బావా. ఇప్పుడు అడుగుతుండా. నాకు ఇమ్మని కాదు, విడిగా ఓటు పెట్టమని. అధ్యక్షుడికి ఒక చీటీ, కార్యదర్శికి ఒక చీటీ. సమానమై తన్నుకున్నాక అమెరికాలో కూడా అట్టనే మార్చుకున్నారంట."

అమెరికా మాటకు కొందరు నవ్వారు. బెన్హర్ మాత్రం నవ్వలేదు. "బావ చెప్పిన పద్ధతి సరైంది. నేను బలపరుస్తుండా" అన్నాడు. చేతులెత్తించి పద్ధతి మార్చారు. అక్కడి వాళ్లకు మూడేళ్లకు పైగా పట్టిన సవరణ ఇక్కడ పది నిమిషాల్లో అయిందని నరేంద్రబాబు తర్వాత తెగ మురిసిపోయాడు.

అధ్యక్షుడి చీటీలు విప్పితే బెన్హర్, బెన్హర్, బెన్హర్. మధ్యలో ఎక్కడో ఒక హెబ్రోను. మొత్తం మీద ఏడు. కార్యదర్శి చీటీల్లో మాత్రం ఒక్కటీ తగ్గకుండా అన్నీ హెబ్రోనే. జనం చప్పట్లు కొట్టారు. ఆయన లేచి దండం పెట్టాడు. ఇంత సంఘంలో ఏడు.

తిరుగుదారిలో బండి వెనక కూర్చున్న ప్రేమలీల, కాలువ గట్టు దాటాక, ఆయన అడగకుండానే చెప్పింది.

"నేను అన్నకే వేసినా."

ఆయన బండి నడుపుతూనే ఉన్నాడు.

"నువ్వు కూర్చునే మనిషివి కాదు. ఆ కుర్చీకి అన్నే సరి. నాకట్టనే అనిపించింది, అట్టనే వేసినా. ఇంక నీ దగ్గర దాచేది లేదు."

"బాధగా ఉండాది ప్రేమా" అన్నాడు హెబ్రోను.

"ఉంటుంది" అని ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇంటి దాకా తీయలేదు.

మరుసటి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర హెబ్రోను ఎప్పటిలాగే నిలబడి వచ్చేవాళ్లకు వందనాలు చెప్పాడు. ఏడుగురిలో జీవానందం మాస్టారు ఒకరై ఉంటారు. మిగతా ఆరుగురు? ఎన్నడూ తనతో పలకని ఆ ముసలాయనా? మూడేళ్ల కింద మోటారు బాగు చేయించుకుని మళ్లీ కనపడని ఆ కుర్రవాడా? వెనక బెంచీలో కూర్చునే ఆ టీచరమ్మా? అధ్యక్షుడిగా తననే కోరుకుని, ఆ మాట ఎవరితోనూ చెప్పకుండా వీళ్లలోనే తిరుగుతున్నారు ఆరుగురు. ఎవరు వచ్చినా ఈయనే ఏమో అనిపించి, చెయ్యి పట్టుకుని కాస్త ఎక్కువసేపే కుశలం అడిగాడు. అందరికంటే చివర బెన్హర్ వచ్చాడు. ఆయనకు ఓటే లేదని తెలిసి కూడా హెబ్రోను ఆయన చెయ్యి ఎంతకీ వదల్లేదు.